అయిదంగుళాల గడప

ఏ ఊళ్లోనైనా ఇల్లు కట్టినవాడు అది కుంగకూడదని కోరుకుంటాడు. షికాగోలో మాత్రం కుంగాలనే కోరుకుంటాడు, అదీ తను చెప్పిన లెక్క ప్రకారం కుంగాలని. అక్కడి నేల అలాంటిది మరి. పైన నాలుగడుగులు గట్టి మన్ను, దాని కింద చేతికి అంటుకుని వదలని నీలం బంకమట్టి. అలాంటి నేల మీద పదీ పన్నెండూ అంతస్తులు లేపుతామని పంతం పట్టారు ఆ ఊరివాళ్లు. పంతానికి తగ్గ ఉపాయం కూడా వాళ్లే కనిపెట్టారు. భవనం ఎంత కుంగుతుందో ముందే అంచనా కట్టి, గడపను వీధికంటే అంత ఎత్తున పెట్టేవాళ్లు. మట్టి సర్దుకునేసరికి గడప నెమ్మదిగా దిగి వీధితో సమానమయ్యేది.

ఎన్ని అంగుళాలు కుంగుతుందో చెప్పడంలో పునాదుల మేస్త్రీ మలాకీ టూమీని మించినవాడు ఆ ఊళ్లో లేడు. ఐర్లండ్ నుంచి పద్ధెనిమిదో ఏట వచ్చాడు, పునాది గోతుల్లోనే జుట్టు నెరిసింది. గోతి అడుగునుంచి మట్టి చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కాసేపు ఆకాశం వంక చూసి అంకె చెప్పేవాడు. ఇంజనీర్లు రెండు రోజులు కాగితాలు నలిపి ఇంచుమించు అదే అంకె తెచ్చేవాళ్లు. ఇరవై రెండేళ్లలో నేల అతని మాట ఒక్కసారి కూడా కాదనలేదు.

చిక్కల్లా, అతని పనంతా భూమిలోనే ఉండిపోతుంది. పై అంతస్తుల చెక్కడాలు చూసి జనం నోరెళ్లబెడతారు గానీ పునాది ఎవరికి కావాలి? అందుకే ఆదివారం చర్చి అయ్యాక భార్య డీలియాను వెంటబెట్టుకుని తన పాత భవనాలన్నీ చుట్టివచ్చేవాడు. ప్రతి గడప దగ్గరా ఆగి, మడమ ఆనించి చూసుకుని, మీసం దువ్వుకునేవాడు.

"అందరి మొగుళ్లూ పెళ్లాల్ని సరస్సు ఒడ్డుకి షికారు తీసుకెళ్తారు. నా ఖర్మకి గడపలు చూపించే మొగుడు దొరికాడు" అనేది డీలియా. అంటూనే తనూ ఒకసారి మడమ ఆనించి చూసేది.

1890 వసంతంలో డియర్‌బోర్న్ వీధిలో క్రాస్‌వెల్ బిల్డింగ్ మొదలైంది. పధ్నాలుగు అంతస్తులు. స్థలం బోస్టన్‌లో ఉండే లవీనియా క్రాస్‌వెల్ అనే వితంతువుది, నక్షా ఏమోస్ ఫెన్‌విక్ అనే కుర్ర ఆర్కిటెక్టుది. రైలు పట్టాలు నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస పేర్చి, సందుల్లో కాంక్రీటు నింపి, పునాది పడింది. టూమీ మట్టి వాసన చూసి "అయిదంగుళాలు" అన్నాడు. ఫెన్‌విక్ కాగితం మీద అయిదుంపావు వచ్చింది. కాగితాన్ని పక్కన పెట్టి, టూమీ మాట ప్రకారం గడపను అయిదంగుళాల ఎత్తున పెట్టించాడు ఫెన్‌విక్. ఆ కుర్రాడిలో టూమీకి నచ్చిన గుణం అదే.

భవనం మొదట్లో బుద్ధిగానే కుంగింది. అంతస్తు లేచినకొద్దీ గడప దిగింది. ప్రతి శనివారం టూమీ రసమట్టం పెట్టి చూసి, పక్క భవనం గోడ మీద పెన్సిల్‌తో గీత గీసేవాడు. డిసెంబరులో పైకప్పు పడేసరికి మూడంగుళాలు దిగింది. ఇంకా రెండు మిగిలాయి. సరిగ్గా అప్పుడే బోస్టన్ నుంచి యజమానురాలు ఊడిపడింది.

అయిదంగుళాల మెట్టు ఎవరికైనా కనిపిస్తుంది. రెండంగుళాలదే మాయదారిది, కంటికి ఆనదు గానీ కాలికి తగులుతుంది. మిసెస్ క్రాస్‌వెల్‌కి అరవయ్యేళ్లుంటాయి, ఎత్తుకు తగ్గ భారీ మనిషి. నల్ల సిల్కు గౌనులో బండి దిగి, తల పైకెత్తి తన పధ్నాలుగు అంతస్తులూ లెక్కపెట్టుకుంటూ నడిచొచ్చి, గడప తన్నుకుని ముందుకు పడింది. పడ్డది ఫెన్‌విక్ మీద గనక ఆవిడకేమీ కాలేదు. ఫెన్‌విక్ పక్కటెముకలు మాత్రం క్రిస్మస్ దాకా సలిపాయి.

"ఈ గడప ఇక్కడ పెట్టిన మహానుభావుడెవరు?" అంది ఆవిడ లేచి నిలబడి.

టూమీ టోపీ తీశాడు. "నేనేనమ్మగారూ. ఇంకో రెండంగుళాలు దిగాలండి."

"ఏది దిగాలి?"

"బిల్డింగండి."

"నా బిల్డింగా!"

"మీదేనండి. ఇప్పటికి మూడు దిగింది. ఎక్కడా ఒరగలేదు, చీలలేదు. బంగారంలా దిగుతోందండి" అన్నాడు టూమీ, కన్నబిడ్డ సంగతి చెబుతున్నంత మురిపెంగా.

ఆవిడ ఫెన్‌విక్ వైపు తిరిగింది. "మా బోస్టన్‌లో బిల్డింగు కుంగితే కట్టినవాణ్ణి కోర్టుకీడుస్తాం. ఇక్కడ టోపీ తీసి మరీ శుభవార్త చెప్తున్నాడే ఇతను!"

 ఫెన్‌విక్ బంకమట్టి గురించి రెండు ముక్కలు చెప్పబోయాడు గానీ ఆవిడ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

"ఇద్దరూ వినండి. మీ ఊళ్లో ఆఫీసులూ ఇళ్లూ అన్నీ మే ఒకటో తారీఖునే మారతారట కదా. ఆ రోజు పొద్దున్న పదింటికి వస్తాను. గడప వీధికి సమానంగా ఉందా, సంతోషం. లేదా, ఈ ద్వారం పగలగొట్టించి వేరేది పెట్టిస్తాను. పక్క స్థలంలో కట్టబోయే రెండో బిల్డింగు ఛాయలకి మీరిద్దరూ రానక్కర్లేదు. అప్పటిదాకా అద్దెకొచ్చినవాడెవడూ ఈ గడప దాటడానికి వీల్లేదు. వాళ్ల మోకాళ్లు పగిలితే కోర్టులో నిలబడేది నేను."

అని చెప్పి, గడపను ఒకసారి కొరకొరా చూసి, వెళ్లిపోయింది.

ఆవిడ చూపు తగిలిందో ఏమో, భవనం అక్కడితో ఆగిపోయింది. జనవరంతా టూమీ గీసిన గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫిబ్రవరిలోనూ అంతే. మిగతా మేస్త్రీలకు ఇంతకంటే పండగేముంది?

"ఏం టూమీ, నీ బిల్డింగుకి కోపమొచ్చిందా?"

"బతిమాలి చూడవోయ్, దిగుతుందేమో!"

టూమీ నవ్వేసి ఊరుకునేవాడు గానీ లోపల నలిగిపోతున్నాడు. రెండో బిల్డింగు పోతే తన గుంపులో నలభైమంది వేరే పని వెతుక్కోవాలి, అదొక బాధ. అంతకంటే పెద్ద బాధ తన మాట పోవడం. తనకున్న ఆస్తల్లా ఆ మాటే. అది కాస్తా పోయాక ఏ ముఖం పెట్టుకుని గోతిలోకి దిగుతాడు?

ఒక ఆదివారం మధ్యాహ్నం డీలియా క్యాబేజీ, ఉప్పుమాంసం ఉడికించి పెట్టింది. టూమీ కంచంలో ఫోర్కుతో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"తింటావా, కంచానికి కూడా పునాది తవ్వుతావా?" అంది డీలియా.

"అయిదని ఎందుకన్నానే? మూడని ఎందుకనలేదు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? అసలు దేన్ని లెక్కేసి అన్నావు?"

"దేన్నంటే... గోడలు, ఇనుము, రాళ్లు. ఆ తర్వాత బల్లలు, కుర్చీలు, ప్లీడర్ల పుస్తకాలు. ఎప్పుడూ అన్నట్టే జనంతో సహా..."

"ఏ జనం?"

ఫోర్కు గాల్లో ఆగిపోయింది. టూమీ భార్య ముఖంలోకి చూశాడు, కంచంలోకి చూశాడు, నుదురు కొట్టుకున్నాడు.

ఇన్నేళ్లుగా అతను కట్టిన ఏ భవనమూ ఖాళీగా ఉండలేదు. పై అంతస్తులకు ఇంకా సున్నం వేస్తుండగానే కింద అంతస్తుల్లోకి అద్దెవాళ్లు సామాన్లు దించేసేవాళ్లు. వాళ్ల బరువు కూడా కలిపి చెప్పడం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, కలుపుతున్నానన్న సంగతే మరిచిపోయాడు. ఇప్పుడు జనం లేరు. జనం వస్తేగానీ గడప దిగదు, గడప దిగితేగానీ ఆవిడ జనాన్ని రానివ్వదు.

మర్నాడు సంగతి విన్న ఫెన్‌విక్ ఎగిరి గంతేసి, బోస్టన్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. తంతి ద్వారా జవాబొచ్చింది: "ముందు గడప. తర్వాతే జనం."

"అయిపోయింది టూమీ, మన పని అయిపోయింది" అన్నాడు ఫెన్‌విక్ తల పట్టుకుని.

టూమీ ఆ తంతిని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. "జనమనే కదండీ ఉంది? సామాను మాటెత్తలేదు కదా?"

కింద అంతస్తులో దుకాణం అద్దెకు తీసుకున్నవాడు ఓట్టో గ్రుండ్‌మన్ అనే జర్మన్. ఇనప్పెట్టెల వ్యాపారి. లేక్ వీధిలో అతని పాత గోదాము నిండా ఇనప్పెట్టెలే, ఒక్కొక్కటి టన్నుకు తగ్గదు. మే ఒకటిన ఊరు ఊరంతా ఒక్కసారే సామాన్లు సర్దే రోజున, వీటిని మోసే బండివాళ్లు ఎక్కడ దొరుకుతారా అని అతనికి తల ప్రాణం తోకకొస్తోంది. అలాంటి సమయంలో టూమీ వెళ్లి, ఇప్పుడే తెచ్చి పెట్టుకోవయ్యా అన్నాడు.

"నన్ను రానివ్వకుండా నా పెట్టెల్ని రానిస్తారా?" అన్నాడు గ్రుండ్‌మన్ అనుమానంగా.

"పెట్టెలు మర్యాదస్తులయ్యా. నేల మీద ఉమ్మవు, గడప తన్నుకోవు, కోర్టుకి పోవు."

"సరే, దుకాణంలో పెట్టిస్తావు కదా?"

"దుకాణంలో పద్ధెనిమిది. మిగతావి పైన."

"పైనంటే?"

"పధ్నాలుగో అంతస్తు దాకా" అన్నాడు టూమీ. "బరువంతా ఒకచోటే పడితే బిల్డింగు ఒరుగుతుంది. సమానంగా కూచోబెట్టాలి. మోసేది మావాళ్లు, నీదేం పోయింది?"

గ్రుండ్‌మన్ కడుపు పట్టుకుని నవ్వాడు. మార్చి నెలంతా టూమీ గుంపు ఇనప్పెట్టెలు మోసింది. నలభైమందీ జన్మంతా భూమిలోకి దిగినవాళ్లే గాని పైకెక్కినవాళ్లు కారు. పధ్నాలుగో అంతస్తు కిటికీలోంచి సరస్సును చూసి ఇద్దరు ముసలివాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. అంతస్తుకు పద్ధెనిమిది చొప్పున రెండువందల యాభై రెండు పెట్టెలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఆ నెల చివర్న టూమీ రసమట్టం పెట్టి చూశాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి, పాత గీత కింద కొత్త గీత పడింది. సంతోషం పట్టలేక పక్కనున్న ఫెన్‌విక్ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ చరుపుకు కుర్రాడి కళ్లద్దాలు ఊడి కిందపడ్డాయి.

ఏప్రిల్లో గడప బాగానే దిగింది. అంగుళం దిగింది, అంగుళంన్నర దిగింది. నెలాఖరుకి పావంగుళం దగ్గర మళ్లీ మొండికేసింది. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం ఫెన్‌విక్ ఒక రాతి పలకను మోయించుకొచ్చాడు, సరిగ్గా పావంగుళం మందం.

"ఇది గడప ముందు, వీధి వైపు పరిచేద్దాం టూమీ. ఆవిడకేం తెలుస్తుంది? మన ఊరివాళ్లు వీధులకి వీధులే జాకీలు పెట్టి పైకి లేపారు. ఈ పలకొక లెక్కా?"

"లేపుతామని చెప్పి లేపారు బాబూ. నేను దిగుతుందని చెప్పాను."

"పావంగుళమయ్యా!"

"అవును, పావంగుళమే. నేను చెప్పిన మాటలో ఇంకా పావంగుళం బాకీ ఉంది. దాని మీద రాయి పరిచి కప్పెడితే, రేపటినుంచి నేను చెప్పే ఏ అంకెనీ నేనే నమ్మను. మీరు పలక పరిపించుకుంటే పరిపించుకోండి. నేను మాత్రం ఆ ద్వారం దగ్గర నిలబడను."

ఫెన్‌విక్ మొహం మాడ్చుకుని పలకను గోడకు చేర్చి పెట్టించాడు.

మే ఒకటిన షికాగో వీధుల్లో నడవడం ఎవరి తరమూ కాదు. ఊళ్లో సగంమంది సామాన్లు బండ్లకెక్కించి మిగతా సగంమంది ఖాళీ చేసిన చోటికి బయల్దేరతారు. పదింటికల్లా క్రాస్‌వెల్ బిల్డింగ్ ముందు బండ్లు బారులు తీరాయి. ప్లీడర్ల పుస్తకాలు, పళ్ల డాక్టరు కుర్చీ, పటాలు అచ్చువేసేవాడి యంత్రాలు. బండివాళ్ల తిట్లయితే మూడు నాలుగు భాషల్లో వినిపించాయి. ఆ గందరగోళంలో దారి చేసుకుంటూ మిసెస్ క్రాస్‌వెల్ వచ్చింది. తిన్నగా ద్వారం దగ్గరికి నడిచి, బూటు మొన గడపకు ఆనించింది.

"సమానంగా లేదు" అంది.

"లేదండి" అన్నాడు టూమీ. "ఇంకా పావంగుళం దిగాలండి."

ఆవిడ కళ్లు తలుపు అద్దంలోంచి లోపలికి వెళ్లాయి. "ఆ ఇనప్పెట్టెలేమిటి?"

టూమీ ఏదీ దాచలేదు. అంకె చెప్పేటప్పుడు జనాన్ని కలిపిన సంగతి, తంతి సంగతి, పద్ధెనిమిదేసి పెట్టెల సంగతి అన్నీ చెప్పాడు. ఆవిడ మూతి బిగించి వింది గానీ, పెట్టెలు ఉమ్మవన్న మాట దగ్గర ఆ బిగువు కొంచెం సడలింది.

"మరి గోడకానించిన ఆ పలకేమిటి?"

ఫెన్‌విక్ మొహం పాలిపోయింది.  అయినా తనే ఒకడుగు ముందుకేశాడు. "అది నేను తెచ్చానండి. వీధి వైపు పరిస్తే మీకు తెలీదనుకున్నాను. ఇతను ఒప్పుకోలేదు."

"పరిస్తే నాకు తెలిసేదా?" అని టూమీనడిగింది ఆవిడ.

"మీకు తెలిసేది కాదండి. నాకు తెలిసేది."

వెనక బండివాళ్లు అరుస్తున్నారు. గుర్రాలు తలలు విదిలిస్తున్నాయి. ఆవిడ వెనక్కి తిరిగి ఆ బండ్ల బారు మొత్తం ఒకసారి చూసింది.

"ఇంకా ఏం కావాలి నీకు?"

"వాళ్లేనండి" అన్నాడు టూమీ ఆ జనాన్ని చూపించి. "నేను ముందునుంచీ కలిపింది వాళ్లనే. తలుపు తీయండి, మూడు శనివారాల్లో దిగకపోతే ద్వారం నేనే పగలగొడతాను."

"మనిషికెంత బరువు వేసుకున్నావు?"

"నూట యాభై పౌన్లండి."

ఆవిడ తన భారీ విగ్రహాన్ని ఒకసారి కిందికి చూసుకుంది. "అయితే నన్ను ఇద్దరి కింద వేసుకో" అంది. అని, గౌను అంచు పైకెత్తి పట్టుకుని, అందరికంటే ముందు తనే గడప దాటి లోపలికి నడిచింది. బండివాళ్లంతా ఒక్కసారి కేక పెట్టారు.

ఆ మూడు వారాలూ ఆవిడ బోస్టన్ వెళ్లలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, బూటు మొన గడపకు ఆనించి, "ఊహూఁ" అని తలాడించి లోపలికెళ్లేది. ఆ ఊహూఁ వినడానికి పళ్ల డాక్టరు పేషెంటును నోరు తెరిపించి వదిలేసి దిగి వచ్చేవాడు. ప్లీడర్లు లోపలికెళ్తూ గడపను ఒక తొక్కు తొక్కి వెళ్లేవాళ్లు, తమవంతు సాయంగా. అంతా కలిసి ఒక భవనాన్ని భూమిలోకి దించాలని ఇంత ఏకమైపోవడం ఆ ఊళ్లో కూడా ఎవరూ చూడలేదు. దానికి అడ్డంపడింది గ్రుండ్‌మన్ ఒక్కడే. కొత్త దుకాణం కలిసొచ్చి మొదటి వారంలోనే పదకొండు పెట్టెలు అమ్మేశాడు.

"నీకు పుణ్యముంటుంది, అమ్మకయ్యా!" అని టూమీ పరుగెత్తాడు.

"వ్యాపారినయ్యా నేను! అమ్మక పిల్లల్లా పెంచుకోమంటావా?"

"మూడు వారాలు పెంచుకో. ఆ తర్వాత నీ ఇష్టం."

గ్రుండ్‌మన్ గొణుక్కుంటూనే కొన్నవాళ్లందరికీ నెలాఖరుకి పంపిస్తానని చెప్పాడు.

మొదటి శనివారం గీత కదల్లేదు. రెండో శనివారం వెంట్రుకవాసి దిగింది. మూడో శనివారం పొద్దున్న డీలియా కూడా వచ్చింది. టూమీ మోకాళ్ల మీద కూర్చుని గడప మీదనుంచి వీధి మీదికి రసమట్టం పెట్టాడు. బుడగ అటూ ఇటూ ఊగి, నడిమధ్యకొచ్చి నిలబడింది. అతను తీసి, తిప్పి పెట్టి చూశాడు. మళ్లీ మధ్యకే వచ్చింది. డీలియా భర్త భుజం గట్టిగా పట్టుకుంది.

అంతలోనే మిసెస్ క్రాస్‌వెల్ బండి ఆగడం చూసి టూమీ లేచి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ రెండో బిల్డింగు నక్షా రెండు చేతులా విప్పి పట్టుకుని, అందులోనే కళ్లు పెట్టి, పక్కన నడుస్తున్న ఫెన్‌విక్‌ని దులిపేస్తోంది.

"ఈ కిటికీలేమిటయ్యా, పావురాల కోసం పెట్టావా? వెలుతురెలా వస్తుంది? నాలుగో అంతస్తు చూడు, ఇక్కడ, ఇక్కడ..."

అలా అంటూనే వీధి దాటింది, గడప దాటింది, నడవా దాటింది, లిఫ్టెక్కింది. జాలీ తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి పోతుంటే ఆవిడ గొంతు ఇంకా వినబడుతూనే ఉంది.

లిఫ్టెక్కకుండా కిందే ఉండిపోయిన ఫెన్‌విక్ గడప వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. "టూమీ! ఆవిడ చూడనే లేదు! ఉండు, పిలుచుకొస్తాను" అని మెట్ల వైపు పరుగందుకోబోయాడు.

టూమీ అతని కోటు పట్టుకుని ఆపాడు. "వద్దు బాబూ. పిలవొద్దు."  ఇరవై రెండేళ్లుగా తను చేసిన పనిని ఇంతకంటే ఎవరూ మెచ్చుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోవడం కూడా మరిచి నవ్వుతూ నిలబడ్డాడు.

లిఫ్టు మూడో అంతస్తు దగ్గర టక్కున ఆగింది.  తర్వాత అది అక్కణ్నుంచే వెనక్కి దిగడం మొదలుపెట్టింది. జాలీ తలుపు తెరుచుకుంది. మిసెస్ క్రాస్‌వెల్ నక్షా చేత్తో పట్టుకుని, ద్వారాన్నీ తన బూట్లనూ మార్చి మార్చి చూస్తోంది.

"టూమీ," అంది ఆవిడ, "నేను లోపలికెప్పుడొచ్చాను?"